గడ్డిమందు విషం – మూత్రపిండాలు

బహ్రెయిన్ గడియారానికీ మన ఊరి గడియారానికీ రెండున్నర గంటల తేడా. సిత్రాలోనో రిఫాలోనో ఉదయపు షిఫ్టుకు బస్సు ఎక్కే వేళకు జగిత్యాలలోనో రాజంపేటలోనో పొద్దు బాగా ఎక్కి ఉంటుంది. ఆ వేళకు ఇంటినుంచి ఫోను వచ్చిందంటే గుండె గుభేలుమంటుంది. అటువంటి ఫోనులో వినకూడని మాటలలో ఒకటి, "ఫలానావాడు గడ్డిమందు తాగాడట" అన్నది.

మరునాడు రెండవ ఫోను వస్తుంది. "మనిషి బాగానే ఉన్నాడు. తెలివిగా మాట్లాడుతున్నాడు. నోరంతా పుండయి అన్నం మాత్రం మింగలేకపోతున్నాడు. మూత్రం తగ్గింది, కిడ్నీలకు ఎక్కిందన్నారు. డయాలిసిస్ చేస్తున్నారు." దూరాన ఉన్నవారు ఇది విని ఊపిరి పీల్చుకుంటారు. డయాలిసిస్ అనేది తెలిసిన వైద్యమే కదా, డబ్బు పంపితే నెగ్గుకు రావచ్చునని భావిస్తారు. ఆ తరువాత ఆరవ రోజునో, పదవ రోజునో ఆయాసం మొదలైందని మూడవ ఫోను వస్తుంది. బాగానే మాట్లాడుతున్న మనిషికి హఠాత్తుగా ఇదేమిటని బంధువులు దిగ్భ్రాంతి చెందుతారు, కొందరు ఆసుపత్రివారిని నిందిస్తారు కూడా. నిజానికి ఆ ఆయాసం హఠాత్తుగా వచ్చినది కాదు. మొదటి రోజున, మూత్రం తగ్గిన ఆ పూటనే, దానికి బీజం పడింది. ఈ రెండింటికీ గల సంబంధమేమిటో, వైద్యులు ఏమి చేయగలరో, ఏమి చేయలేరో వివరించడం ఈ వ్యాసోద్దేశం.

ఒకే పేరు, మూడు విషాలు

ముందుగా పేరు సంగతి. పల్లెలలో కలుపు మొక్కలను మాడ్చే ద్రావకం ఏదైనా "గడ్డిమందే". ఆ ఒక్క పేరు కింద కనీసం మూడు వేర్వేరు రసాయనాలు ఉన్నాయి: పారాక్వాట్, గ్లైఫోసేట్, 2,4-డి. సేద్యగానికి వీటి తేడా పెద్దగా పట్టకపోవచ్చు. ఏ సీసా అయినా చేసే పని కలుపును చంపడమే. కాని మనిషి కడుపులోకి వెళ్ళినప్పుడు ఈ మూడింటి నడత, వైద్యం, ఫలితం ఒకదానితో ఒకటి పోలవు. శ్రీలంకలో వేలాది రోగులను పరిశీలించిన వైద్యుల లెక్కల ప్రకారం పారాక్వాట్ తాగినవారిలో నూటికి నలభైమందికి పైగా మరణించారు. గ్లైఫోసేట్ విషయంలో ఆ సంఖ్య నూటికి అయిదు లోపే. కనుక "గడ్డిమందు" అని చెబితే వైద్యునికి ఏమీ చెప్పినట్లు కాదు. సీసా చూపించాలి.

ఈ మందులు మన పొలాలకు రావడానికి కారణం అందరికీ తెలిసిందే. పత్తి చేలో, మొక్కజొన్నలో కలుపు తీయడానికి వంగే నడుములు తగ్గిపోయాయి, కూలి పెరిగింది. ఒకప్పుడు ఆ సాళ్ళలో దంతె తోలిన చేతులు కొన్ని ఇవాళ ముహర్రఖ్‌లోనూ మనామాలోనూ ఇటుకలు మోస్తున్నాయి. అక్కడ మిగిలిపోయిన పనిని ఒక సీసా, ఒక స్ప్రేయరు చేస్తున్నాయి.

పారాక్వాట్ చరిత్ర

పారాక్వాట్‌ను కలుపు మందుగా ఎవరూ కనిపెట్టలేదు. 1882లోనే ఈ పదార్థం ప్రయోగశాలలో తయారయింది. ఏ ఉపయోగమూ తెలియక అరలో ఉండిపోయింది. 1930లలో మిఖాయిలిస్ అనే శాస్త్రజ్ఞుడు దీనికొక విచిత్ర లక్షణం ఉన్నదని గమనించాడు. రంగులేని దీని ద్రావణానికి ఒక్క ఎలక్ట్రాను అందిస్తే చక్కని నీలిరంగుకు మారుతుంది. అందుచేత "మిథైల్ వయొలోజెన్" అనే పేరుతో అది ప్రయోగశాలలో సూచికగా స్థిరపడింది. మొక్కలను చంపే గుణం ఇంగ్లండులోని జెలాట్స్ హిల్ పరిశోధనా కేంద్రంలో ఐ.సి.ఐ. సంస్థ రసాయనికులకు 1955లో కనిపించింది. 1962లో మార్కెట్టులోకి వచ్చింది. 1966 నాటికే న్యూజిలాండు నుంచి ఇద్దరి మరణవార్త వైద్య పత్రికకు ఎక్కింది. ఇద్దరూ పొరపాటున నోట పోసుకున్నవారే.

ఆ నీలిరంగును పాఠకులు గుర్తుంచుకోవాలి. మిగిలిన కథ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఆకు మీద పడిన పారాక్వాట్ పచ్చదనంలో ఉండే కిరణజన్య సంయోగ యంత్రాంగం నుంచి ఒక ఎలక్ట్రానును దొంగిలిస్తుంది. దొంగిలించిన దానిని తన వద్ద ఉంచుకోక పక్కనున్న ఆమ్లజనికి అంటగడుతుంది. ఆమ్లజని "సూపర్ ఆక్సైడ్" అనే ఉగ్రరూపం దాల్చి కణపు పొరలను చీలుస్తుంది. పారాక్వాట్ మాత్రం ఎప్పటిలా ఖాళీ చేతులతో మళ్ళీ దొంగతనానికి బయలుదేరుతుంది. అనగా అది ఖర్చయిపోదు. ఒక్క అణువు ఈ చక్రాన్ని వేలసార్లు తిప్పగలదు. అందుకే ఎండలో చల్లిన కొద్ది గంటలలోనే గడ్డి వాడి, మాడి, గోధుమరంగుకు తిరుగుతుంది. నేల మీద పడిన అణువులు మాత్రం బంకమట్టి పొరలలో గట్టిగా చిక్కుకుని ఏ పనికీ రాకుండా పోతాయి. వైద్యులు ఈ చివరి గుణాన్ని కూడా వాడుకుంటారు.

దేహంలో ప్రయాణం

మనిషి మింగిన పారాక్వాట్‌లో పేగులు పీల్చుకునేది కొద్ది భాగమే, మిగిలినది మలంతో పోతుంది. ఆ కొద్ది భాగమే చాలు. ఒక గుక్క వేసి ఉమ్మివేసినవారు కూడా ప్రాణాపాయంలో పడ్డ సందర్భాలు ఉన్నాయి. రక్తంలో దాని పాలు రెండు గంటలలోపే శిఖరానికి చేరుతుంది. కాలేయం సాధారణంగా విషాలను విరిచి నిర్వీర్యం చేస్తుంది. పారాక్వాట్‌ను మాత్రం అది విరవలేదు. ఈ విషం ఏ రూపంలో వచ్చిందో ఆ రూపంలోనే బయటకు పోవాలి. పోవడానికి దారి దాదాపు ఒక్కటే, అది మూత్రపిండాలు.

మూత్రపిండం ఒక జల్లెడ మాత్రమేనని చాలామంది భావిస్తారు. అది సగం నిజం. లక్షలాది సూక్ష్మ జల్లెడలు రక్తాన్ని వడగడతాయి. ఆ వెనుక ఉన్న సన్నని నాళికల గోడలు కొన్ని పదార్థాలను రక్తం నుంచి స్వయంగా పట్టి లాగి మూత్రంలోకి తోస్తాయి కూడా. పారాక్వాట్‌కు ధన విద్యుదావేశం ఉన్నది. అటువంటి పదార్థాల కోసమే ఆ గోడలలో ప్రత్యేకమైన వాహకాలు ఉన్నాయి. అందువల్ల ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు పారాక్వాట్‌ను కేవలం వడపోతతో సాధ్యమయ్యే దానికన్నా వేగంగా బయటకు నెడతాయి. ఒంట్లోకి ఇంకిన దానిలో నూటికి తొంభై పాళ్ళు ఒక్క రోజులో మూత్రంలో వెళ్ళిపోగలదు.

కాని ఆ లాగే పనిలోనే నాళికల కణాలలో విషం పేరుకుంటుంది. ఎలక్ట్రాన్ల దొంగతనం అక్కడ ఆరంభమవుతుంది. ఈసారి ఎలక్ట్రాను సూర్యకాంతి నుంచి కాదు, కణానికి ఇంధనం వంటి ఎన్ఏడీపీహెచ్ అనే ద్రవ్యం నుంచి వస్తుంది. కొద్ది గంటల్లో నాళికల లోపలి కణాలు చచ్చి రాలిపోతాయి. మూత్రంలో మాంసకృత్తులు, చక్కెర కనిపిస్తాయి. ఒకటి రెండు రోజులలో రక్తంలో క్రియాటినిన్ పెరుగుతుంది, మూత్రం తగ్గుతుంది. ఇంటి మురికిని బయటకు మోస్తున్న తలుపు ఆ మురికివల్లనే తుప్పు పట్టి మూసుకుపోయినట్లు అవుతుంది. మామూలుగా కొన్ని గంటలలో సగానికి తగ్గవలసిన విషం, మూత్రపిండాలు చెడినప్పుడు రోజుల తరబడి రక్తంలో తిరుగుతూ ఉంటుంది.

అలా తిరుగుతున్న విషాన్ని ఊపిరితిత్తులు పీల్చుకుంటాయి.

ఊపిరితిత్తులు రక్తంలోని పారాక్వాట్‌ను ఎందుకు పోగుచేసుకుంటాయనే ప్రశ్న చాలాకాలం శాస్త్రజ్ఞులను వేధించింది. తరువాత దానికి సమాధానం దొరికింది. గాలితిత్తుల కణాలు తమ పెరుగుదలకు అవసరమైన పుట్రెసిన్ వంటి పాలీఅమైన్లను రక్తం నుంచి లోపలికి లాక్కుంటాయి. ఆ అణువులో రెండు ధనావేశాల మధ్య ఉన్న దూరం, పారాక్వాట్‌లోని దూరం ఇంచుమించు సమానం. కణం పోల్చుకోలేక విషాన్ని పోషకంగా భ్రమించి లోపలికి పిలుస్తుంది. రక్తంలో ఉన్న దానికంటే పదింతలు, అంతకు పైగా ఊపిరితిత్తులలో పేరుకుంటుంది. పైగా ఆమ్లజనికి అక్కడ కొదవ లేదు, అది ఆమ్లజని నివాసమే. ముందు వాపు, నీరు చేరడం, తరువాత మచ్చకట్టడం జరుగుతాయి. మెత్తని స్పంజి వంటి తిత్తులు క్రమంగా గట్టిపడిపోతాయి.

మూత్రపిండాలకూ ఊపిరితిత్తులకూ మధ్య ఉన్న భేదాన్ని ఇక్కడ గమనించాలి. మూత్రపిండపు నాళికల కణాలు చచ్చినా మళ్ళీ మొలవగలవు. రోగి బతికితే రెండు మూడు వారాలలో మూత్రపిండాలు చాలావరకు కోలుకుంటాయి, జీవితాంతపు డయాలిసిస్ అవసరం సాధారణంగా రాదు. ఊపిరితిత్తులలో కట్టిన మచ్చ మాత్రం చాలా సందర్భాలలో తిరిగి కరగదు. అందుచేత "కిడ్నీలు చెడిపోయాయి" అన్న వార్తలో భయపడవలసినది కిడ్నీల గురించి కాదు. అవి పనిచేయని ఆ గంటలలో ఊపిరితిత్తులకు ఎంత చేరిందన్నదే ప్రశ్న. మొదటి వారంలో రోగి లేచి కూర్చుని మాట్లాడుతున్నంత మాత్రాన ఆ ప్రశ్న తీరినట్లు కాదు. మింగిన పాళ్ళు మరీ ఎక్కువైనప్పుడు వారం దాకా ఆగనే ఆగదు. గుండె, కాలేయం, మూత్రపిండాలు ఒక్కుమ్మడిగా రెండు మూడు రోజులలో కూలిపోతాయి.

నీలిరంగు పరీక్ష

ఆసుపత్రిలో పారాక్వాట్‌ను పట్టించే పరీక్షలలో అతి చవకైనది, అతి త్వరగా అయ్యేది మూత్రంతో చేసే సోడియం డైథయొనైట్ పరీక్ష. ఈ పొడి మన తెలుగువారికి కొత్తది కాదు. అద్దకం పనివారు నీలిమందు తొట్టెలో దీనిని కలుపుతారు. అనకాపల్లి వైపు బెల్లం రంగు తేరడానికి వేసే "హైడ్రోస్" కూడా ఇదే. పరీక్షనాళికలో కొంచెం మూత్రం పోసి, క్షారం కలిపి, చిటికెడు ఈ పొడి వేస్తారు. పారాక్వాట్ ఉంటే ద్రావణం నీలిరంగుకు తిరుగుతుంది. నీలం ఎంత చిక్కనైతే విషం అంత ఎక్కువ. తాగిన ఆరు గంటల తరువాత కూడా మూత్రం రంగు మారలేదంటే ఒంట్లోకి ఇంకినది స్వల్పమని వైద్యుడు కొంత ఊరట చెప్పగలడు.

రసాయనికుని దృష్టితో చూస్తే ఈ పరీక్ష వట్టి రంగుల ఆట కాదు. ఆ నీలం మిఖాయిలిస్ చూసిన నీలమే. ఎలక్ట్రాను దొంగిలించి పట్టుకున్న పారాక్వాట్ రూపమే అది. నాళికను గాలి తగిలేలా బాగా కుదిపితే నీలం మాయమవుతుంది, ఎందుకంటే ఎలక్ట్రాను గాలిలోని ఆమ్లజనికి చేరిపోయింది. పొడి ఇంకా మిగిలి ఉంటే కాసేపటికి రంగు మళ్ళీ తేరుతుంది. ఆకులో, మూత్రపిండంలో, ఊపిరితిత్తిలో కంటికి కనబడకుండా జరిగే చక్రం గాజు నాళికలో ఇలా కంటికి కనబడుతుంది. ఒక జాగ్రత్త చెప్పాలి. డైథయొనైట్ తేమ తగిలితే చెడిపోతుంది. మూత తెరిచి నెలల తరబడి ఉంచిన డబ్బాలోని పొడి విషం ఉన్నా లేదనిపించగలదు. అందుకే బాగా నడిచే ప్రయోగశాలలలో పారాక్వాట్ కలిపిన నమూనాతో పక్కనే మరొక నాళిక పెట్టి పోల్చుకుంటారు.

రక్తంలో విషపు పాళ్ళను కొలవగల చోట మరింత కచ్చితంగా చెప్పవచ్చు. 1979లో ఎడింబరో వైద్యులు ఒక హద్దుగీతను ప్రకటించారు. దాని ప్రకారం లీటరు రక్తద్రవంలో పారాక్వాట్ నాలుగు గంటలకు 2 మిల్లీగ్రాములు, ఆరు గంటలకు 0.6, పది గంటలకు 0.3, ఇరవై నాలుగు గంటలకు 0.1 దాటని వారు బతికే అవకాశం ఎక్కువ. ఈ కొలత అందుబాటులో లేని జిల్లా ఆసుపత్రులలో క్రియాటినిన్ ఎంత ఉన్నదనే దానికన్నా గంటగంటకు ఎంత వేగంగా పెరుగుతున్నదనేది చూసి వైద్యులు అంచనా వేస్తారు.

వైద్యం: చేయగలిగినదీ, చేయలేనిదీ

పారాక్వాట్‌కు విరుగుడు మందు లేదు. ఈ మాట స్పష్టంగా చెప్పవలసిందే. ఎందుకంటే విరుగుడు ఉన్నదని నమ్మించి డబ్బు గుంజేవారు ఎక్కడైనా ఉంటారు. వైద్యం చేయగలిగినది మూడు చోట్ల: పేగుల్లో, రక్తంలో, మిగిలిన అవయవాల పోషణలో.

పేగుల్లో ఉన్న విషాన్ని అక్కడే కట్టివేయడం మొదటిది. నేలలో బంకమట్టి చేసిన పనినే ఇక్కడ చేయిస్తారు. ఫుల్లర్స్ ఎర్త్ అనే మట్టిని నీటిలో కలిపి పట్టిస్తారు. పేరు ఆంగ్లమైనా ఇది ఆడవారు ముఖానికి పూసుకునే ముల్తానీ మట్టి జాతిదే. అది లేనిచోట ఉత్తేజిత బొగ్గుపొడి దాదాపు అంతే పనిచేస్తుంది, అది చాలా ఆసుపత్రులలో ఉంటుంది. మొదటి ఒకటి రెండు గంటలలో ఇస్తేనే వీటికి అర్థం ఉన్నది. ముల్తానీ మట్టి అనగానే ఇంటివద్దనే కలిపి గొంతులో పోసి కాలయాపన చేయడం తగదు. వాంతి వస్తున్న మనిషికి అది ఊపిరిగొట్టంలోకి పోగలదు. ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు తాగించి వాంతి చేయించే పాత అలవాటు ఇంకా హానికరం. పారాక్వాట్ గొంతును కాలుస్తుంది, వాంతిలో అది రెండవసారి కాలుస్తుంది. నోరు కడిగించి, తడిసిన బట్టలు విప్పి, ఒళ్ళు సబ్బుతో కడిగి, వెంటనే బయలుదేరడమే ఇంటివారు చేయగలిగిన మేలు.

రెండవది రక్తం. ఇక్కడ "డయాలిసిస్", "హీమోపెర్ఫ్యూజన్" అనే రెండు మాటలు వినబడతాయి. మొదటిదానిలో రక్తం ఒక పొర పక్కనుంచి ప్రవహిస్తూ తనలోని మలినాలను పక్కనున్న ద్రావకానికి వదులుతుంది. రెండవదానిలో రక్తాన్ని నేరుగా బొగ్గుపొడి నింపిన గొట్టం గుండా పంపుతారు, విషం బొగ్గుకు అంటుకుంటుంది. పారాక్వాట్‌ను తీయడానికి రెండవది మేలు. అయితే ఊపిరితిత్తులలో విషం శిఖరానికి చేరడానికి పట్టేది అయిదారు గంటలే. మొదటి రెండు నుంచి నాలుగు గంటలలో మొదలైతే హీమోపెర్ఫ్యూజన్ కొంత సాయపడవచ్చునని వైద్యుల అభిప్రాయం. ఆ తరువాత చేసినది రక్తాన్ని శుభ్రపరుస్తుంది, కణాలలో దిగిపోయిన దానిని వెనక్కు రప్పించలేదు. మామూలు డయాలిసిస్ పారాక్వాట్‌కు వైద్యం కాదు. మూత్రపిండాలు కోలుకునే దాకా పొటాషియం, ఆమ్లం, నీరు పెరిగి రోగి చనిపోకుండా కాపాడే ఊతం అది. ఊతం విలువ తక్కువేమీ కాదు. కాని దానిని విరుగుడుగా భావించి ఉన్న పొలం తాకట్టు పెట్టేవారికి ఈ తేడా ముందుగా చెప్పవలసిన బాధ్యత ఎవరిదో ఒకరిది. వైద్యులు తీరిక లేక, కొన్నిసార్లు మనసొప్పక, చెప్పకుండా ఊరుకుంటారు.

మూత్రం ధారాళంగా ఉన్నంతవరకు సెలైను ఎక్కించి మూత్రపిండాలకు రక్తప్రసరణ తగ్గకుండా చూస్తారు. ఒంట్లో నీరు తగ్గితే తెరచి ఉన్న ఆ ఒక్క దారీ త్వరగా మూసుకుపోతుంది. కిడ్నీలపై భారం వేసే నొప్పి మందులను దూరం పెడతారు, నొప్పికి మార్ఫిన్ వంటివి ఇస్తారు.

ఊపిరితిత్తుల మచ్చను ఆపడానికి సైక్లోఫాస్ఫమైడ్, మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే మందులను పెద్ద మోతాదులో ఇవ్వడం తైవాను వైద్యుల చిన్న పరిశోధనలతో ప్రచారంలోకి వచ్చింది. శ్రీలంకలో దీనిని పెద్ద ఎత్తున, యాదృచ్ఛిక పద్ధతిలో పరీక్షించి 2018లో ఫలితం ప్రకటించారు. ప్రాణాలు నిలపడంలో ఆ మందుల వల్ల ప్రయోజనం కనబడలేదు. విటమిన్ సి, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ వంటివి తర్కానికి బాగుంటాయి, పలుచోట్ల ఇస్తున్నారు కూడా. కాని వాటి మేలు రుజువు కాలేదు.

బంధువులకు అన్నిటికంటే మింగుడుపడనిది ఆమ్లజని సంగతి. మనిషి ఎగశ్వాస తీస్తుంటే పక్కనే సిలిండరు ఉన్నా వైద్యుడు పెట్టనీయడు. ఇది నిర్లక్ష్యమని వార్డులో గొడవపడినవారు ఉన్నారు. నీలి నాళికను కుదిపిన సంగతి తలచుకుంటే కారణం బోధపడుతుంది. అదనపు ఆమ్లజని ఆ చక్రానికి అదనపు ఇంధనం. అందుచేత రక్తంలో ఆమ్లజని మరీ పడిపోయేదాకా వైద్యులు దానిని ఇవ్వరు. ఇక బతికే ఆశ లేదని తేలినప్పుడు మాత్రం రోగి సుఖం కోసం ఇస్తారు. సిలిండరు పెట్టారంటే గుణం కనిపిస్తున్నదని కొందరు సంతోషిస్తారు, అర్థం తరచు దానికి విరుద్ధం.

మిగిలిన రెండింటి విషయంలో కథ వేరు. గ్లైఫోసేట్ సీసాలో మందుకంటే దానిని ఆకుకు అంటించే సబ్బు వంటి పదార్థం ఎక్కువ హాని చేస్తుంది. రక్తపోటు పడిపోయి ఆ కారణంగా మూత్రపిండాలు దెబ్బతింటాయి. సకాలంలో రక్తపోటు నిలబెట్టి, అవసరమైతే డయాలిసిస్ చేస్తే చాలామంది బయటపడతారు. 2,4-డి ఒక ఆమ్లం. కండరాలను కరిగించి ఆ శిథిలాలతో మూత్రపిండాల నాళికలను పూడ్చగలదు. సోడియం బైకార్బొనేటు ఎక్కించి మూత్రాన్ని క్షారంగా మారిస్తే ఆ ఆమ్లం అయానుగా మారి నాళికలనుంచి రక్తంలోకి తిరిగి ఇంకలేక మూత్రంలోనే చిక్కుకుని పోతుంది. ఇక్కడ డయాలిసిస్ కూడా నిజంగా విషాన్ని తీస్తుంది. ఆమ్లజని ఇవ్వడానికి ఈ రెండింటిలోనూ అడ్డు లేదు. సీసా పేరు తెలియడం ఎంత అవసరమో దీనినిబట్టి ఊహించవచ్చు.

తాగకపోయినా

ప్రతి పారాక్వాట్ ప్రమాదమూ కావాలని తాగినది కాదు. కారుతున్న స్ప్రేయరును వీపున మోస్తూ తడిసిన చొక్కాతో రోజంతా పనిచేసినవారికి, చర్మంపై పుండ్లో గీతలో ఉంటే, వాటి గుండా విషం ఎక్కి మూత్రపిండాలు చెడిన ఉదంతాలున్నాయి. మూసుకుపోయిన నాజిల్‌ను నోటితో ఊదడం మరొక అలవాటు. సగం వాడిన మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి గూట్లో పెట్టడం అన్నిటికంటే ఘోరమైనది, దాహంతో వచ్చిన పిల్లవానికి లేబులు ఉండదు కదా. బహ్రెయిన్‌లో తోటపని, పచ్చిక మైదానాల పని చేసే మనవారికి కూడా ఇవే సూత్రాలు వర్తిస్తాయి. ఏ భాషలో రాసి ఉన్నా లేబులు ఉన్న డబ్బాలోనే మందు ఉండాలి, ప్రమాదం జరిగితే 999కు ఫోను చేసి ఆ డబ్బాతో సహా ఆసుపత్రికి వెళ్ళాలి.

విషానికి వైద్యం బలహీనమైనప్పుడు విషాన్నే దూరం చేయడం మేలన్న వాదన సహజంగా బలపడింది. ఐరోపా సమాజంలో 2007లో కోర్టు తీర్పుతో పారాక్వాట్ అనుమతి రద్దయింది. శ్రీలంక 2008 నుంచి 2011 మధ్య దశలవారీగా తొలగించింది. దక్షిణ కొరియా 2011లో నమోదు రద్దుచేసి 2012లో అమ్మకం ఆపింది. ఆ దేశంలో పురుగుమందులతో జరిగే ఆత్మహత్యల రేటు 2011, 2013 మధ్య సుమారు సగానికి తగ్గింది, పంట దిగుబడి తగ్గలేదు. చైనా, థాయిలాండు, బ్రెజిలు కూడా అదే దారి పట్టాయి. మన దేశంలో కేరళ 2011లో నిషేధించింది. మన పొరుగునే ఒడిశాలో బుర్లా వైద్య కళాశాల వైద్యులు 2019లో నిషేధం కోరుతూ ఆందోళన చేశారు. ఆ వైద్యులు చెప్పిన కారణం క్లిష్టమైనది కాదు. కళ్ళెదుట మాట్లాడుతూ మాట్లాడుతూ పోయే యువకులను చూడలేకపోతున్నామన్నారు. క్షణికావేశం నిమిషాలలో చల్లారుతుంది. చాలామంది రోగులు ఆసుపత్రికి వచ్చేసరికే బతకాలని కోరుకుంటున్నవారు. ఇతర మందుల విషయంలో ఆ కోరిక నెరవేరే అవకాశం ఉన్నది, పారాక్వాట్ ఆ అవకాశం ఇవ్వడం అరుదు. ఇంట్లో సీసా లేకపోవడం, ఉంటే తాళం కింద ఉండడం చిన్న విషయంగా కనిపించినా ఆ నిమిషాలను దాటించేది అదే.

ఫోనులో చెప్పవలసినవి

మళ్ళీ మొదటి ఫోను దగ్గరకు వద్దాం. దూరాన ఉన్నవారు ఆ క్షణంలో నిస్సహాయులు కారు. మొదటి ఫోనులోనే చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆర్‌ఎంపీ వద్ద ఆగవద్దు. 2005లో హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సును పిలిచి, డయాలిసిస్ సౌకర్యం ఉన్న పెద్ద ఆసుపత్రికి నేరుగా తీసుకువెళ్ళండి. సీసా వెంట తీసుకువెళ్ళండి, మందు మిగలకపోయినా సరే, లేబులు ఫొటో తీసి పంపండి. ఎన్ని గంటలకు తాగాడో కాగితం మీద రాసుకోండి. హద్దుగీత అంతా ఆ గడియారం మీదనే ఆధారపడి ఉన్నది.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో "పొరపాటున పురుగు కుట్టింది", "కడుపు నొప్పి" అని వైద్యునికి అబద్ధం చెప్పేవారు నేటికీ ఉన్నారు. అలా పోయిన రెండు గంటలు తిరిగిరావు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అటువంటి ప్రయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలే తప్ప శిక్షించరాదు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షనే లేదు. ఆసుపత్రివారు మెడికో లీగల్ కేసుగా నమోదు చేయడం ఒక రికార్డు మాత్రమే.

ఆసుపత్రి చేరిన తరువాత వైద్యునితో మాట్లాడే అవకాశం దొరికితే "డయాలిసిస్ ఎన్నిసార్లు" అని కాక వేరే ప్రశ్నలు అడగాలి. మూత్రానికి నీలిరంగు పరీక్ష చేశారా, రంగు ఎంత చిక్కగా వచ్చింది? బొగ్గుపొడి ఎన్ని గంటలకు ఇచ్చారు? క్రియాటినిన్ నిన్న ఎంత, ఇవాళ ఎంత? గదిగాలిలో ఆమ్లజని శాతం ఎంత ఉన్నది? విషవైద్యంలో సలహా కోసం 1995లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఏర్పడిన జాతీయ విష సమాచార కేంద్రం ఉన్నదని కూడా గుర్తుచేయవచ్చు.

ఏ ఫోనూ రాకముందే, ఇంటివద్ద ఎవరైనా మాటలు తగ్గించి, అప్పుల గురించి పదేపదే చెబుతూ, బతుకు మీద విరక్తి చూపుతుంటే, 14416 నంబరుకు టెలిమానస్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ సేవ ఉచితం.

కోలుకున్నవారు ఉన్నారు. కొద్ది పాళ్ళు మాత్రమే ఒంట్లోకి ఇంకినవారు, త్వరగా చేరినవారు, నాలుగైదు సార్లు డయాలిసిస్ తరువాత మూత్రం తిరిగి ధారాళమై, మూడవ వారంలో ఇంటికి నడిచి వెళ్ళారు. అటువంటివారికి క్రియాటినిన్ మామూలు స్థాయికి వచ్చినా వైద్యులు కొన్ని నెలల పాటు ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్షకు రమ్మంటారు. మెట్లు ఎక్కినప్పుడు ఆయాసం వస్తున్నదా అని ఇంటికి ఫోను చేసినప్పుడల్లా అడుగుతుండాలి.